నొప్పి లెమ్మనక ముందే

కాశీబుగ్గ మార్కెట్టులో బెండకాయలు ఏరుతుంటే వెనకనుంచి ఎవరో నా మోచెయ్యి తట్టారు. తిరిగి చూస్తే ఒకప్పుడు మా ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసిన అమ్మాయి. చంకలో పిల్లాడు, చేతిలో సంచీ.

"బాబూ, అప్ప పోయింది, తెలుసా?" అంది.

ఏ అప్ప అని నేను అడగలేదు. ఆ ఫ్యాక్టరీలో నలభైమంది ఆడవాళ్లకీ సొంత అక్కలు ఎవరి ఇళ్లల్లో వాళ్లకి ఉండేవారు. అందరికీ కలిపి అప్ప మాత్రం ఒక్కతే.

"ఎలా పోయింది?"

"జొరం బాబూ. నాలుగు రోజులే. ముందర వారం కూడా కవిటి సంతకి నడిసెల్లొచ్చింది."

"మరి నడుం నొప్పి?"

"నడుమెక్కడికెల్తాది బాబూ, నడుమున్నకాడ నొప్పుంటాది" అని నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట తనది కాదు, అప్పది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

బెండకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

అప్ప వయసెంతో, పుట్టిల్లేదో నాకు సరిగ్గా తెలీదు. కవిటి దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చేదని, పెనిమిటి కొబ్బరితోటల్లో కూలికి వెళ్లేవాడని తెలుసు. నాకు బాగా తెలిసింది ఆవిడ లేచే తీరు, కూర్చునే తీరు. వాటినే పదేళ్లు చూశాను. మొదట్లో తప్పు పట్టడానికి చూశాను. తరవాత నేర్చుకోడానికి చూశాను.

తొంభైల చివర్లో, టెక్కలి కాలేజీలో డిగ్రీ ముగించి పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాను. పట్టాలకి అవతల రేకుల షెడ్డు. పొట్టు తీసే హాల్లో ఆడవాళ్లు చిన్న పీటల మీద వరసలుగా కూర్చుని, చిప్ప తీసిన పప్పు మీదుండే ఎర్రటి పొరని చిన్న కత్తితో గీరేవారు. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేవడం. ఒక్కొక్కరి ముందూ ఒక పెద్ద బేసిను. అది నిండేదాకా తల ఎత్తకూడదన్నది నేను పెట్టిన రూలు కాదు గానీ, ఆ రూలు నాకు బాగా నచ్చింది. ఇరవై రెండేళ్ల వయసు. చేతికి గడియారం, జేబులో పెన్ను. నలభైమంది మీద పెత్తనం.

అప్ప దగ్గర మాత్రం బేసిను ఉండేది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు గిన్నె ఒకటి, పెరుగు తోడేసుకునేపాటిది. అది నిండగానే లేచేది. వెళ్లి మూలనున్న పెద్ద తొట్టిలో పప్పు పోసేది. గోడకి రెండు అరచేతులూ ఆనించి కాసేపు నిలబడేది. హాలు మధ్యనున్న స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ పీట మీద కూర్చునేది. ఇంకో గిన్నె నిండితే మళ్లీ అదే వరస.

చేరిన వారానికే నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ అడిగాను.

"ఏమ్మా, పనికొచ్చావా, షికారుకొచ్చావా?"

"పనికే బాబూ."

"మరి ఈ తిరుగుడేమిటి?"

"నడుం నొప్పి బాబూ. కాల్లోకి లాగుతాది."

"నొప్పున్న మనిషివైతే ఇంత చక్కగా ఎలా నడుస్తావు? నొప్పయితే ఇంట్లో పడుకోవాలి. నాటకాలు నా దగ్గర వద్దు."

నలభై కత్తులూ ఒక్కసారి ఆగిపోయాయి. నేను ఆ గిన్నె తీసి అటక మీద పెట్టించి, అందరికీ ఇచ్చినట్టే ఒక బేసిను ఇచ్చాను.

మూడు రోజులు ఆ బేసినుతోనే కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను. నాలుగోరోజు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. అందరూ లేచారు, అప్ప లేవలేదు. ఇద్దరు ఆడవాళ్లు చంకల్లో చేతులు వేసి ఎత్తారు. మొహమంతా చెమట. కింది పెదవి మీద పళ్లగాట్లు తెల్లగా కనపడుతున్నాయి. ఆటో వెనకసీట్లో పడుకోబెట్టారు. కాళ్లు బయటికి వేలాడుతుంటే ఒకమ్మాయి వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆటో కదిలేదాకా ఎవరూ నా మొహం చూడలేదు. ఇదీ నాటకమేనని నాకు నేను చెప్పుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. ఒక పొద్దున్న వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది.

"బాబూ, ఓ మాట సెప్తాను. ఇన్నాక పొమ్మంటే పోతాను" అంది.

ఆవిడ చెప్పింది, నేను విన్నాను. అయిదారేళ్ల కిందట కోతల్లో వరిమోపు ఎత్తుతుంటే నడుం పట్టేసింది. అప్పటినుంచి పిరుదు దగ్గర మొదలై మడమ దాకా మంట. ఊళ్లో సూదులేసే ఆయన దగ్గర సూదులు వేయించుకుంది. తరవాత బిళ్లలకి దిగింది. "పిప్పరమెంట్లు తిన్నట్టు తిన్నాను బాబూ. తింటే పన్లోకెల్లొచ్చు, అదే యావ." అదే ఇంట్లో ఆవిడ మరిది కిడ్నీ జబ్బుతో మంచం పట్టాడు. ఉద్దానంలో ఆ జబ్బు ఎందుకొస్తోందో అప్పుడూ ఎవరికీ తెలీదు. మరిదిని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఈవిడ చేతిసంచిలో బిళ్లల అట్టలు చూసి అక్కడి డాక్టరు ఈవిడకీ రక్తపరీక్ష చేయించాడట. "నొప్పికి సావవు గానీ ఇయ్యి ఇలాగే తింటే సత్తావమ్మా అన్నాడు. మరిది పోయినాడు. మైల తీరిన్నాడే ఆ బిళ్లలన్నీ ఉప్పుటేట్లో పారేసినాను."

"మరి నొప్పి?"

"నొప్పుంది. మూడు నెలలు మంచం దిగనేదు. తొంగుంటే తగ్గిపోతాదనుకున్నాను. కాలు సూడు, కట్టెపుల్లయిపోనాది." చీర కాస్త ఎత్తి చూపించింది. ఎడమ పిక్క నిజంగానే సన్నగా ఉంది. అన్నాళ్లూ నా కళ్లకి అది కనపడలేదు. "టెక్కలి ఆస్పత్రిలో ఓ నర్సమ్మ సెప్పింది, కొంచెం కొంచెం లెగమ్మా, నడవమ్మా అని. నడిసినాను. నొప్పొచ్చేదాకా కూకోడం, నొప్పొచ్చినాక లెగడం. అలాగ సేత్తే నడవనేకపోనాను. ఆనక తెలిసింది బాబూ. అది లెగమన్నాక లెగిత్తే ఆ రోజల్లా అది సెప్పినట్టే ఇనాల. అది అనకముందే నానే లెగిసిపోవాల. నాకు గడియారం సూడ్డం రాదు. అందుకే ఈ గిన్నె. నిండితే లెగాల. అంతే బాబూ, ఇంక నాటకమేటుంది?"

ఆవిడే మళ్లీ అంది: "ఓ వారం సూడు. ఆనక నీ ఇష్టం."

అటక మీది గిన్నె నేనే దింపి ఇచ్చాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ మాట ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా ఎప్పుడూ నా నోట రాలేదు.

వారమంతా చూశాను. పొద్దుటి పూట అందరి చేతులూ ఒకేలా ఆడేవి. మధ్యాహ్నం మూడు దాటేసరికి మిగతావాళ్ల నడుములు పట్టేసేవి, విసుగొచ్చేది, కత్తి జారేది, పప్పు విరిగేది. అప్ప గిన్నెలో పొద్దున్న ఎన్ని గుండ్లు ఉండేవో సాయంత్రమూ అన్నే ఉండేవి. విరగని గుండుకే కదా బజార్లో విలువ. ఒక దోసెడు పప్పు తీసుకెళ్లి యజమానికి చూపించాను. ఆయన అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "సరే, ఉండనీ. మిగతావాళ్లకి అలవాటు చెయ్యకు" అన్నాడు. నెల తిరక్కుండానే ఆరేడు చిన్న గిన్నెలు హాల్లోకి వచ్చాయి. నేను చూడనట్టే ఊరుకున్నాను.

అప్పకి ఓర్పు ఎక్కువని బయటివాళ్లు అనేవారు. అది అబద్ధం. ఆవిడకి కోపం ముక్కుమీదే ఉండేది. ఎవరైనా "ఉల్లిపాయ వేడిచేసి కట్టప్పా", "ఫలానా ఊళ్లో ఆకుపసరు పోత్తారప్పా" అంటే అంతా శ్రద్ధగా విని, "నీకు నొప్పొచ్చినప్పుడు కట్టుకో, సూత్తాను" అనేది. తను నమ్మింది ఒకటే, వేయించిన ఇసక మూట. రోజూ ఇంటికెళ్లాక దాంతో కాపుకునేది. మిగతాదంతా తన కదలికల్లోనే ఉండేది. ఊరి నుంచి వచ్చే ఆటోని రోజూ దారిమధ్యలో ఒకచోట ఆపించి, దిగి, పది అడుగులు వేసి మళ్లీ ఎక్కేది. మొదట్లో ఆటో అతను తిట్టేవాడు. తరవాత అదే చోట తనే ఆపి బీడీ వెలిగించుకునేవాడు. పెళ్లికి వెళ్లినా, చావుకి వెళ్లినా గుమ్మంలోనే చెప్పేసేది: "నన్ను కూకోమని బలవంతం సెయ్యకండి, కూకోవాలంటే నానే కూకుంతాను."

చెడ్డరోజులూ ఉండేవి. అలాంటి రోజున రాగానే, "ఈయేల నాలుగు గిన్నెలే" అని చెప్పేది. కళ్లంట నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా పొట్టు తీస్తూ కూర్చునేది. ఎవరూ ఓదార్చకూడదు. నాలుగో గిన్నె తొట్టిలో పోసి ఇంటికెళ్లిపోయేది. అయిదోది తీస్తానని ఏ రోజూ అనలేదు. మర్నాడు తప్పకుండా వచ్చేది.

కొన్నేళ్ల తరవాత నా వంతు వచ్చింది.

ఒకరోజు లారీ నిండా జీడిపిక్కల బస్తాలు వచ్చాయి. హమాలీలు ఇద్దరు రాలేదు. "ఇదెంతసేపు" అని చొక్కా చేతులు మడిచి నేనే ఒక బస్తా భుజానికి ఎత్తబోయాను. నడుంలో టక్కుమంది. బస్తాతో పాటు నేనూ కింద కూలబడ్డాను. బరంపురం తీసుకెళ్లారు. ఆపరేషను అక్కర్లేదు, పదిరోజులు విశ్రాంతి తీసుకోమన్నారు, మందులు రాశారు. పదిరోజులు కాస్తా రెండు నెలలయింది. దొడ్లోకి వెళ్లాలన్నా మా ఆవిడ భుజం కావాలి. మాత్రలకి కడుపులో మంట, ఆ మంటకి ఇంకో మాత్ర. పైకప్పు రేకుల మీద ఎన్ని మేకులున్నాయో నాకు కంఠతా వచ్చేసింది.

ఒక ఆదివారం అప్ప వచ్చింది. కొబ్బరిబొండాలు రెండు తెచ్చింది. మా ఆవిడ కుర్చీ వేస్తే దాని వెనక నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని నన్ను చూసింది.

"ఏటి బాబూ, తొంగునున్నావేటి?"

"డాక్టరు పడుకోమన్నారమ్మా."

"ఎన్నాల్లు?"

"పదిరోజులు."

"ఎన్నాల్లయింది?"

నేను గోడవైపు తిరిగాను. మా ఆవిడ "రెండు నెలలప్పా" అంది.

"లెగు" అంది అప్ప. గట్టిగా అనలేదు. కానీ ఆ గొంతు విని నాకు లేవక తప్పలేదు. పక్కకి తిరగడం, మోచెయ్యి మీద బరువు వెయ్యడం, కాళ్లు ముందు దింపడం, అన్నీ ఒక్కొక్కటిగా చెప్పింది. గేటు దాకా పదిహేను అడుగులు. నా పక్కనే నడిచింది గానీ చెయ్యి పట్టుకోలేదు. గేటు ముట్టుకోగానే "సాలు, ఎనక్కి" అంది.

"ఇంకొంచెం నడవగలను."

"నడవగలవు, తెల్సు. అందుకే సాలంతన్నాను. రేపూ గేటు దాకానే. ఎల్లుండీ గేటు దాకానే. బాగున్నా గేటు దాకానే. పొద్దున్నోపాలి, మజ్జానమోపాలి, సాయంత్రమోపాలి, రోజుకి మూడుసార్లే. బాగున్న రోజే బయపడాల బాబూ. బాగునేని రోజు ఎలాగూ కూకుంతావు."

అయిదు రోజులు గేటు దాకా నడిచాను. ఆరోరోజు పొద్దున్న లేచేసరికి నొప్పి సగం లేదు. రెండు నెలల తరవాత మొదటిసారి గాలి పీల్చుకున్నట్టుంది. గేటు దాటాను, వీధి దాటాను, ఉత్సాహం ఆగక రైల్వేస్టేషను దాకా వెళ్లిపోయాను. తిరిగి రావడం రిక్షాలో, అదీ పడుకుని. మూడు రోజులు కదల్లేదు.

మళ్లీ ఆదివారం అప్ప వచ్చి విషయం విని పకపకా నవ్వింది. "అందరం అదే సేత్తాం. నానైతే బాగుందని జీడితోటలో పిక్కలేరడానికెల్లినాను. నన్ను మంచం మీద మోసుకొచ్చినారు."

నాకు నవ్వు రాలేదు. చాలారోజులుగా లోపల తిరుగుతున్న ప్రశ్న అడిగేశాను.

"నిజం చెప్పమ్మా. ఇదంతా చేస్తే తగ్గిపోతుందా?"

అప్ప మా ఆవిడ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"నాకు తగ్గనేదు బాబూ."

నాకు ఏడుపొచ్చేసింది. కోపం కూడా వచ్చింది. "మరెందుకు ఇదంతా? ఇన్నేళ్లు నువ్వు గిన్నె మోసి ఏం సాధించావు?"

"నొప్పి తగ్గనేదు. నానూ తగ్గనేదు" అంది. ఆ తరవాత కుర్చీ చుట్టూ తిరిగి వచ్చి, మెల్లిగా కూర్చుని చెప్పింది. "కోడలికి పురుడు పోసినాను. మనవరాలికి రోజూ జడేత్తన్నాను. సంతకెల్తన్నాను. నీ ఇంటికొచ్చినాను. ఆ మూడు నెల్లూ మంచం మీదున్నప్పుడు నాకు నొప్పొకటే ఉండేది బాబూ, ఇంకేటీ నేదు. ఇప్పుడు నొప్పితోపాటు మిగతాయన్నీ ఉన్నాయి. నీది తగ్గొచ్చు, తగ్గకపోవొచ్చు. నానెలాగ సెప్తాను? తగ్గినాక బతుకుదారనుకుంటే మాత్రం రోజులెల్లిపోతాయి."

ఆ రాత్రి మాత్ర వేసుకోలేదని, ధైర్యం వచ్చేసిందని రాస్తే అబద్ధమవుతుంది. వేసుకున్నాను. కానీ మర్నాడు గేటు దాకా మూడుసార్లు నడిచాను. వారానికి గేటు పక్కింటి గేటయింది. బరంపురం డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పిన ప్రకారం మాత్రలు ఒక్కొక్కటీ తగ్గించుకున్నాను. నాలుగో నెలలో పనిలోకి వెళ్లాను. నా బల్లకి నాలుగు కాళ్ల కిందా ఇటుకలు పెట్టించి నిలబడి రాయడం మొదలుపెట్టాను. యజమాని ఆ బల్లని రెండు రోజులు వింతగా చూశాడు. మూడోరోజు ఆయన్ని అడిగేశాను, పొట్టు తీసే హాల్లో కూడా ఒక పొడుగాటి ఎత్తు బల్ల వేయిద్దామని, నిలబడాలనిపించినవాళ్లు నిలబడి చేసుకుంటారని. "అప్ప నీకూ అంటించిందన్నమాట" అన్నాడు. అయితే బల్ల వేయించాడు.

ఆ ఏడో, ఆ పై ఏడో, కార్తీకమాసంలో ఫ్యాక్టరీ వాళ్లమంతా బారువ వనభోజనాలకి వెళ్లాం. సరుగుడు తోటలో పొయ్యిలు పెట్టారు. తోట దాటితే ఇసక, ఇసక మీద వరసగా లాగి పెట్టిన పడవలు, ఆ అవతల సముద్రం. నడుం నొప్పి ఉన్నవాళ్లకి ఇసక ఎంత శత్రువో అప్పటికి నాకు తెలుసు. అడుగు దిగబడుతుంది, తీస్తే కాలంతా లాగుతుంది.

ఆడవాళ్లంతా కేరింతలు కొడుతూ నీళ్లలోకి పరిగెత్తారు. అప్ప మొదటి పడవ దాకా వచ్చి దానికి వీపు ఆనించింది. "నాకీడికి సాలు. మీరెల్రండి" అంది. "నేను పట్టుకుంటాను రా అమ్మా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. మేం తడిసి తిరిగొచ్చేసరికి అక్కడే ఉంది. "మీరెల్లి వడ్డించుకోండి, నానొత్తాను" అంది.

ఆకులు వేశారు, పులిహోర వడ్డించారు. ఒక ఆకు ఖాళీగా ఉంది. "అప్పేదీ?" అని ఎవరో అన్నారు. నేను లేచి వెళ్లాను. మొదటి పడవ దగ్గర లేదు. కిందికి చూస్తే ఇసకలో అడుగులు కనిపించాయి. దగ్గరదగ్గరగా, ఎడమది కాస్త ఈడ్చినట్టు, రెండో పడవ దాకా ఉన్నాయి. ఆ పడవ పక్కన ఇసకంతా తొక్కి ఉంది, చాలాసేపు నిలబడ్డట్టు. అక్కణ్ణుంచి మూడో పడవకి. మళ్లీ తొక్కిన చోటు. నాలుగో పడవకి. ఆ తరవాత అడుగులు తడి ఇసకలో కలిసిపోయాయి.

తలెత్తాను. అప్ప పిక్కల్లోతు నీళ్లలో ఒంటరిగా నిలబడి ఉంది. రెండు చేతులూ నడుం మీద ఉన్నాయి.

నేనూ పడవ పడవ దగ్గరా ఆగుతూనే వెళ్లాను. పక్కకి చేరేదాకా ఆవిడ తిరగలేదు.

"పుట్టినకాడ్నుంచీ ఈ సముద్రం పక్కనే ఉన్నాం బాబూ. ఇందులో కాలెట్టి పన్నెండు పదమూడేళ్లయిపోనాది" అంది.

"నన్ను పిలవాల్సింది కదా."

"పిలిత్తే సెయ్యట్టుకుంతావు. సెయ్యట్టుకుంటే నీ నడక నడవాల. నా నడకైతే ఇదిగో, ఇక్కడికొచ్చింది."

అప్పుడే ఒక అల మోకాళ్ల పైదాకా కొట్టింది. అప్ప తూలింది. నేను చెయ్యి చాపేలోపే నిలదొక్కుకుంది. చీర నడుం దాకా తడిసిపోయింది. చిన్నపిల్లలా కేక పెట్టి నవ్వింది. ఆ మొహంలో నొప్పి లేదని చెప్పను, ఉంది. దాని పక్కనే ఆ నవ్వూ ఉంది.

తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ప్రతి పడవ దగ్గరా ఇద్దరం ఆగాం. మేం తోటలోకి రాగానే ఆ తడిచీర చూసి ఆడవాళ్లంతా విస్తళ్ల ముందునుంచి లేచిపోయారు.

"ఓలమ్మో! పడిపోనావేటప్పా? నీల్లల్లో పడిపోనావేటి?"

అప్ప నా వైపు చూసింది. ఆ నలభైమందీ కూడా నా వైపే చూశారు.

"పడలేదు" అన్నాను, తోటంతా వినపడేలా. "నడిచే వెళ్లింది. ఎవరి సాయం లేకుండా వెళ్లింది. నేను చూశాను."

అప్ప కుచ్చెళ్లు పిండుకుంటూ తన ఆకు దగ్గరికి వెళ్లి, కూర్చోకుండా చెట్టుకి ఆనుకుని నిలబడింది.

"సర్లే గానీ, పులిహోరేటైనా మిగిల్చినారేటి?" అంది.